నా లక్కీ నంబరు, ఇంకో వందమందిది కూడా

1995 జనవరి 14న బ్రిటన్ జాతీయ లాటరీలో 7, 17, 23, 32, 38, 42 నంబర్లు పడ్డాయి. జాక్‌పాట్ దాదాపు 1.63 కోట్ల పౌండ్లు. తీరా లెక్క చూస్తే ఆరు నంబర్లూ కలిసిన టికెట్లు ఒకటి కాదు, రెండు కాదు, 133 తేలాయి. తలా 1,22,510 పౌండ్లు వచ్చాయి. అదేం చిన్న మొత్తం కాదు. కానీ కోటిన్నర పౌండ్లకు పైగా తనకే వచ్చేశాయనుకున్న మనిషికి ఆ సంగతి తెలిసినప్పుడు మొహం ఎలా మారి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అప్పట్లో ఆ లాటరీలో 1 నుంచి 49 దాకా ఉన్న నంబర్లలోంచి ఆరు రాయాలి. అలా ఎంచుకోవడానికి 1,39,83,816 రకాలున్నాయి. అందులో ఒకే రకం 133 మందికి ఎలా తోచింది? నంబర్లు గుర్తుపెట్టే అప్పటి చీటీని కాస్త దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. అందులో అడ్డంగా వరసకు ఐదేసి నంబర్లుంటాయి. 7, 17, 32, 42 రెండో నిలువు వరసలో పడతాయి. 23, 38 దాని పక్కనే మూడో వరసలో ఉంటాయి. పెన్ను పట్టుకుని, అంచులు వదిలేసి, ఒకసారి అటూ ఒకసారి ఇటూ జరుగుతూ, మధ్యలో ఒకటో రెండో వరసలు దాటేస్తూ కిందికి దిగితే ఇలాంటి జాబితాయే వస్తుంది. నంబరు ఎంచుకున్నామని అనుకుంటాం గానీ, చాలామంది ఎంచుకునేది కాగితం మీద చోటు.

ఒక మాట ముందే చెప్పాలి. 49లో ఏ ఆరు రాసినా గెలిచే అవకాశం ఒక్కటే, కోటీ నలభై లక్షల్లో ఒక వంతు. గెలిస్తే ఎంతమందితో పంచుకోవాలన్నదే మారుతుంది. మన మనసు వేసే ఎత్తులన్నీ అక్కడే బయటపడతాయి.

పుట్టినరోజుల సంగతి అందరికీ తెలిసిందే. పిల్లల పుట్టినరోజు, పెళ్లిరోజు అంటూ రాస్తూపోతే 31 దాటడం కుదరదు. పైన ఇంకో 18 నంబర్లు ఖాళీగా చూస్తుంటాయి. ఆరు నంబర్లూ 31 లోపే పడటం సగటున 19 డ్రాలకు ఒకసారి జరుగుతుంది. పుట్టినరోజులు రాసేవాళ్లు గెలిచేది ఆ రోజే, జనం ఎక్కువగా ఉండేదీ ఆ రోజే. ఇక 1, 2, 3, 4, 5, 6 అని రాసేవాళ్లది ఇంకో తమాషా. ఇంత తెలివి ఇంకెవరికీ తట్టదని వాళ్ల నమ్మకం. బ్రిటన్‌లో వారానికి పది వేల మంది దాకా అదే రాసేవారట.

మిగతావాళ్లు మాత్రం పక్కపక్క నంబర్లంటే జంకుతారు. 23 రాశాక 24 రాయడానికి చెయ్యి రాదు. యాదృచ్ఛికం అంటే చక్కగా చెల్లాచెదురుగా ఉండాలని మన మనసులో ఒక బొమ్మ ఉంది. లెక్క మాత్రం వేరే చెబుతోంది. 49లో ఆరు తీసే డ్రాలో కనీసం ఒక జత పక్కపక్క నంబర్లు వచ్చే అవకాశం 49.5 శాతం, అంటే ఇంచుమించు బొమ్మా బొరుసంత. పైన చెప్పిన 133 మంది జాబితా మళ్లీ చూడండి, అందులో ఒక్క జత కూడా లేదు. లక్షలసార్లు తీస్తే గానీ కనిపించని సమతూకాన్ని ఆరు బంతుల్లోనే వెతుకుతాం. 1971లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ ఈ పొరపాటుకు, గణితంలోని ‘పెద్ద సంఖ్యల సూత్రాన్ని’ తిరగేసి, ‘చిన్న సంఖ్యల సూత్రం’ అని కొంటెగా పేరు పెట్టారు.

ఈ సమతూకం పిచ్చి ప్రాణాల మీదికి తెచ్చింది ఇటలీలో. అక్కడి లోట్టోలో నగరం పేరున ఒక్కో చక్రం ఉంటుంది. ప్రతి డ్రాలో ఒక్కో చక్రం నుంచి 90 నంబర్లలో ఐదు తీస్తారు. వెనిస్ చక్రంలో 53 అనే నంబరు 2003 మే తర్వాత రావడం మానేసింది. నెలలు గడిచేకొద్దీ ‘ఇక రాక ఏమవుతుంది’ అనే మాట దేశమంతా పాకింది. దాచుకున్న డబ్బు తెచ్చారు, అప్పులు చేశారు. ఆ ఒక్క నంబరు మీద కాసిన మొత్తం 350 కోట్ల యూరోలు దాటింది. నష్టపోయినవాళ్లలో ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 180కి పైగా డ్రాలు ఎగ్గొట్టి, 2005 ఫిబ్రవరి 9న 53 తాపీగా వచ్చింది.

ఒక డ్రాలో 53 వచ్చే అవకాశం 18లో ఒక వంతు. మొదటి రోజూ అంతే, నూట ఎనభయ్యో రోజూ అంతే. ఆగిపోయిన నంబరు బాకీ తీర్చాలని బంతికి ఎవరూ చెప్పలేదు. ఫలానా నంబరు ఫలానా తేదీ నుంచి ఇన్ని డ్రాలు రాకపోవడం అరుదే. కానీ పది చక్రాలు, చక్రానికి 90 నంబర్లు, ఏళ్ల తరబడి డ్రాలు. ఇన్నింటిలో ఎక్కడో ఒకచోట ఇలాంటి కరువు రాకపోతేనే వింత. చాలాకాలం రాని నంబరు మీదికి జనం ఎగబడతారని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లోనే రాశాడు. అప్పటికీ ఇప్పటికీ మారిందేమీ లేదు.

దీని రెండో ముఖం అమెరికాలోని మేరీల్యాండ్ లెక్కల్లో కనిపించింది. అక్కడ ఒక నంబరు గెలవగానే దాని మీద కాసే డబ్బు చప్పున పడిపోయేది, మళ్లీ మామూలు స్థాయికి చేరడానికి నెలలు పట్టేది. డెన్మార్క్‌లో ఇంకో వింత. పోయిన వారం వచ్చిన నంబరును తప్పించుకునే జనమే, అది వరసగా కొన్ని వారాలు వస్తే ‘ఊపు మీదుంది’ అని దాని వెంట పడ్డారు. రెండు నమ్మకాలూ పరస్పరం పొసగవు, అయినా ఒకే బుర్రలో హాయిగా ఉంటాయి.

నంబరు మనమే ఎంచుకున్నాం అనే భావన ఇంకా గట్టిది. 1975లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ ఒక ఆఫీసులో డాలరు లాటరీ టికెట్లు అమ్మించారు. కొందరికి ఏదో ఒక టికెట్ చేతిలో పెట్టారు, కొందరిని ఎంచుకోమన్నారు. తర్వాత ‘ఎంతకు తిరిగి అమ్ముతారు’ అని అడిగితే, చేతిలో పెట్టించుకున్నవాళ్లు సగటున 1.96 డాలర్లు చెప్పారు, ఎంచుకున్నవాళ్లు 8.67 డాలర్లు. పాచికలాటలోనూ ఇదే వరస: చిన్న సంఖ్య కావాలంటే మెల్లగా, పెద్దది కావాలంటే విసురుగా వేసేవాళ్లను 1960లలోనే ఒక పరిశోధకుడు గమనించి రాశాడు.

వారం వారం అవే నంబర్లు రాసేవాళ్ల టెన్షన్ మరోరకం. పోయేదానికి వాళ్లు ఎప్పుడో అలవాటుపడ్డారు. మానేసిన వారమే అవి పడితే? ఆ నంబర్లు కళ్ల ముందు తిరుగుతుంటే బతకడం ఎలా? నంబర్లు మిషనే వేసి ఇచ్చిన టికెట్‌తో ఈ బాధ లేదు, దాని నంబర్లు ఎవరికీ గుర్తుండవు.

2009 సెప్టెంబరు 6న బల్గేరియా లాటరీలో 4, 15, 23, 24, 35, 42 పడ్డాయి. ఆరూ కలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగు రోజులకు, సెప్టెంబరు 10న, మళ్లీ సరిగ్గా అవే ఆరు వచ్చాయి. ప్రభుత్వం విచారణ చేయించింది, మోసమేమీ బయటపడలేదు. ఇప్పుడే వచ్చిన నంబర్లను మళ్లీ ఎవరు రాస్తారని అనుకుంటాం. రెండోసారి ఆ ఆరూ రాసినవాళ్లు 18 మంది తేలారు.