కండరం పంపే కబురు, దాన్ని అడ్డుకునే మాత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున ఏ మైదానానికి వెళ్లినా పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. సైన్యంలో చేరాలంటే 1.6 కిలోమీటర్ల పరుగు గట్టెక్కాలి. దానికోసం నెలల తరబడి చీకటితోనే లేచే కుర్రవాళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. వాళ్ల సాధన తీరు ఈమధ్య మారింది. గంటసేపు నిదానంగా పరుగెత్తే బదులు అర నిమిషం ప్రాణం పెట్టి ఉరకడం, కాసేపు నడవడం, మళ్లీ ఉరకడం. దీన్నే ఇంటర్వెల్ శిక్షణ అంటున్నారు. సంచిలోకి కూడా ఒక కొత్త వస్తువు చేరింది: చప్పరించే విటమిన్ సి బిళ్ల, తోడుగా విటమిన్ ఇ గొట్టం మాత్ర. ఒళ్లు నొప్పులు రావని, కండ దెబ్బతినదని ముందు బ్యాచ్ అన్నలు చెప్పారు కాబట్టి వేసుకుంటున్నారు. కష్టపడి చేసిన సాధన ఫలితాన్ని ఆ మాత్రే కొంత తగ్గించవచ్చని 2008 నుంచి పరిశోధనలు చెబుతూ వస్తున్నాయి. ఆ మాట ఈ మైదానాల దాకా రాలేదన్నదే నా బాధ.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. మనం పీల్చే ఆక్సిజన్ నుంచే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయనీ, అవి కణాలను దెబ్బతీయడమే ముసలితనానికి మూలమనీ 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించారు. వాటిని అణిచే ఎంజైము మన ఒంట్లోనే ఉందని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. మరుసటి ఏడాదే, రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ విటమిన్ సి పెద్ద మోతాదులో తీసుకొమ్మని పుస్తకం రాశారు. అంత పెద్ద మనిషి చెప్పాక కాదనేవారెవరు? విటమిన్ సి, విటమిన్ ఇ రెండూ ఫ్రీ రాడికల్స్‌ను అణిచేవే; అలాంటి పదార్థాలనే యాంటీఆక్సిడెంట్లు అంటారు.

వ్యాయామం సంగతి 1982లో తేలింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో డేవిస్, ప్యాకర్ బృందం ఎలుకలను సొమ్మసిల్లేదాకా పరుగెత్తించి చూస్తే, వాటి కండరాల్లో, కాలేయంలో ఫ్రీ రాడికల్స్ రెండు మూడు రెట్లు పెరిగాయి. మందుల మార్కెట్‌కు ఆ ఒక్క ముక్క చాలింది. కానీ అదే పరిశోధన పత్రంలో ఇంకో మాట ఉంది. ఆ కొద్దిపాటి దెబ్బే కండరంలో కొత్త మైటోకాండ్రియా పుట్టడానికి ప్రేరణ కావచ్చని రచయితలు ఆనాడే సూచించారు. మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే పొయ్యి. పరుగులో దమ్ము పెరగడమంటే చాలావరకు ఆ పొయ్యిలు పెరగడమే. మొదటి సగం ప్రకటనల్లోకి ఎక్కింది, రెండో సగం పాతికేళ్లు అటకమీదే ఉండిపోయింది.

ఇంటర్వెల్ శిక్షణ ఈ పరిశోధనలకంటే పాతది. 1930లలోనే జర్మనీలో గెర్ష్‌లర్ అనే కోచ్ దానికి ఒక పద్ధతి ఏర్పరిచారు. 400 మీటర్ల ఉరుకులు పదేపదే వేసిన చెకోస్లొవేకియా పరుగు వీరుడు ఎమిల్ జాటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచారు. 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామం అనే తబాటా పద్ధతి 1996 నాటిది.

అటకమీది ప్రశ్నను స్పెయిన్‌లోని వాలెన్సియా బృందం 2008లో కిందికి దించింది. విటమిన్ సి ఇచ్చిన ఎలుకలకు సాధన వల్ల రావలసిన దమ్ము సరిగా రాలేదు. 2009లో జర్మన్ పరిశోధకులు యువకులకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. రక్తంలో చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు వ్యాయామంతో మెరుగుపడాలి. అది మాత్రలు వేసుకున్నవారిలో మెరుగుపడలేదు. 2014లో నార్వేలో 54 మంది యువతీయువకులతో, తీవ్రమైన ఉరుకులు కలిపి, 11 వారాల సాధన చేయించారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో మైటోకాండ్రియాకు గుర్తయిన ప్రోటీను పెరిగింది, విటమిన్లు తిన్నవారిలో పెరగలేదు.

ఇక్కడ నిజాయితీగా చెప్పవలసినది ఒకటుంది. ఆ 11 వారాల చివర రెండు జట్ల దమ్మూ ఇంచుమించు సమానంగానే పెరిగింది. మాత్ర వేసుకుంటే పరుగు పోతుందని ఎవరూ నిరూపించలేదు. విజయనగరం జిల్లా కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. బరువుల సాధనపై అదే నార్వే బృందం చేసిన అధ్యయనంలో కండ పెరుగుదల తగ్గలేదు గానీ, కండరం లోపలి కొన్ని సంకేతాలు మందగించాయి. అయినా మేలు కనిపించని చోట, నష్టానికి ఆనవాళ్లున్న చోట, నాన్న కూలి డబ్బు ఎందుకు పెట్టాలి? నొప్పుల మాటకొస్తే, 50 అధ్యయనాలను కలిపి చూసి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన సమీక్షలో కూడా ఈ మాత్రల వల్ల చెప్పుకోదగ్గ ఉపశమనం కనిపించలేదు.

2015లో వచ్చిన మరో అధ్యయనం ఉరుకులు వేసేవారికి నేరుగా సంబంధించినది. 30 సెకన్ల చొప్పున ఆరుసార్లు గట్టిగా సైకిలు తొక్కిన మామూలు యువకుల కండరాల్లో, 24 గంటల తర్వాత క్యాల్షియాన్ని వదిలే ద్వారాలు తునకలై కనిపించాయి. ఆ కాస్త క్యాల్షియం కారడమే కండరాన్ని మారమని పురమాయించే కబురని పరిశోధకుల వివరణ. ఎలుక కండరాల మీద చూస్తే, యాంటీఆక్సిడెంట్ ఆ మార్పును ఆపేసింది.

వైద్యులు లోపం ఉందని తేల్చి రాసిన మాత్ర సంగతి వేరు, దాన్ని మానకూడదు. రక్తహీనత ఉన్న అమ్మాయిలకు విటమిన్ సి అవసరమే. ఆకుకూరల్లో, చోడి (రాగి) అంబలిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది తోడ్పడుతుంది, భోజనంలో పిండిన నిమ్మచెక్క ఆ పని చేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి సరిపోతుంది. ఒక మోస్తరు జామకాయలో అంతకు రెట్టింపు ఉంటుంది.