సానియా మీర్జా సింగిల్స్ ఎందుకు వదిలింది?

భారత టెన్నిస్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక దెప్పిపొడుపు తప్పదు: మనవాళ్లు డబుల్స్‌లో తప్ప గెలవలేరని. లియాండర్ పేస్, మహేశ్ భూపతి, రోహన్ బోపన్నల వరసలోనే సానియా మీర్జానూ కూర్చోబెట్టేస్తుంటారు. ఆమె విషయంలో ఈ మాట నిలబడదు. డబుల్స్‌లో నంబర్ వన్ కావడానికి దాదాపు ఎనిమిదేళ్ల ముందే, 2007 ఆగస్టులో, ఆమె సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. భారత మహిళల్లో ఇంకెవరూ ఆ దరిదాపులకు వెళ్లలేదు. అక్కడి నుంచి డబుల్స్ వైపు ఎందుకు మళ్లింది అన్న ప్రశ్నకు జవాబు ఆమె మణికట్టులో కొంత ఉంది, ర్యాంకింగ్ లెక్కల్లో కొంత ఉంది.

సానియా పుట్టింది 1986 నవంబరు 15న ముంబయిలో, పెరిగింది హైదరాబాద్‌లో. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా చాలా కాలం ఆమెకు కోచ్. అప్పటికి మన మహిళల టెన్నిస్ స్థాయి ఎంతో చెప్పాలంటే ఒక్క విషయం చాలు: 1968 తర్వాతి ఓపెన్ శకంలో గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) భారత మహిళ తొలిసారి ఒక మ్యాచ్ గెలిచింది 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో. ఆ గెలుపు నిరుపమ వైద్యనాథన్‌ది. సానియా 2003లో రష్యా అమ్మాయి అలిసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ నెగ్గింది. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది.

అసలు మలుపు 2005. వైల్డ్ కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటుతో) ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడి మూడో రౌండుకు చేరి, సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. రెండో సెట్‌లో సెరెనాకు ఎదురు నిలిచిన తీరు చూశాకే బయటి ప్రపంచం ఆమె పేరు గుర్తుపెట్టుకుంది. ఫిబ్రవరిలో సొంతూళ్లో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొందరెంకోపై 6-4, 5-7, 6-3తో గెలిచి, మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారత మహిళ అయింది. తర్వాత దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ ప్రిక్వార్టర్స్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఆగింది. సింగిల్స్‌లో ఆమె గ్రాండ్‌స్లామ్ ప్రయాణం అంతకు మించి సాగలేదు.

ఈ విజయాలన్నీ దాదాపు ఒకే షాట్ మీద వచ్చాయి, ఫోర్‌హ్యాండ్. పెద్దగా టాప్‌స్పిన్ (బంతిని ముందుకు దొర్లేలా తిప్పడం) లేకుండా చదునుగా, చివరి క్షణంలో మణికట్టు ఝుళిపించి కొట్టడం ఆమె పద్ధతి. రాకెట్ ఎటు తిరుగుతుందో ప్రత్యర్థికి ఆఖరి దాకా తెలియదు కాబట్టి, ముందే ఒక వైపు కదిలినవారు దొరికిపోతారు. మరోవైపు సర్వీస్ బలహీనం, కోర్టులో కదలిక మామూలు. ఈ రెండు లోపాలనూ ఫోర్‌హ్యాండే పూడ్చాల్సి వచ్చేది. రెండో సర్వీస్‌ను ప్రత్యర్థి ఎగబడి కొడితే, సానియా తర్వాతి బంతిని వెనక్కి జరిగి ఆలస్యంగా అందుకోవాలి. బంతి శరీరం పక్కకు వచ్చేశాక కొడితే భుజం, నడుము తోడు రావు. వేగమంతా మణికట్టు నుంచే పుట్టాలి. అది వెనక్కి వంగి ఉన్న స్థితి నుంచి ఒక్కసారిగా ముందుకు విసురుకోవాలి, ఆ కుదుపంతా సన్నని స్నాయువుల మీద పడుతుంది. బేస్‌లైన్ ర్యాలీల్లో మ్యాచ్ మ్యాచ్‌కీ ఇది పదేపదే జరిగితే కీలు వాయక తప్పదు.

ముందు మోకాళ్లు మొండికేశాయి, ఆ తర్వాత కుడి మణికట్టు. 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇవెతా బెనెసోవాతో తొలి రౌండు మ్యాచ్ మధ్యలోనే, మణికట్టు నొప్పితో వైదొలిగింది.

గాయం కంటే దాని వెంట వచ్చే లెక్క ఇంకా కష్టం. ర్యాంకింగ్ 52 వారాల పాయింట్ల మీద నడుస్తుంది. నిరుడు ఇదే వారం సంపాదించిన పాయింట్లు ఈ వారం పోతాయి, ఆడితేనే వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. నెలల తరబడి కూర్చుంటే ర్యాంకు దానంతటదే జారుతుంది. తొలి వంద దాటి బయటికి పోతే గ్రాండ్‌స్లామ్‌లో నేరుగా చోటు దొరకదు, మూడు రౌండ్ల క్వాలిఫయింగ్ ఆడాలి. అంటే కోలుకుంటున్న మణికట్టుతో, అసలు టోర్నీ మొదలు కాకముందే మూడు మ్యాచ్‌లు. 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జరిగింది ఇదే. క్వాలిఫయర్‌గా మెయిన్ డ్రాకు చేరిన సానియాకు తొలి రౌండులోనే మాజీ నంబర్ వన్ జస్టిన్ హెనిన్ ఎదురైంది. తొలి సెట్ 7-5తో గెలిచినా తర్వాత 3-6, 1-6తో ఓడింది. ఆ తర్వాత మళ్లీ తొలి వందలోకి వచ్చినా, ఆ భారాన్ని శరీరం ఎక్కువ కాలం మోయలేకపోయింది. 2013లో సింగిల్స్ పూర్తిగా మానేసినట్టు ప్రకటించింది.

డబుల్స్ అప్పటికి ఆమెకు కొత్తేమీ కాదు. 2004లోనే లీజెల్ హ్యూబర్‌తో హైదరాబాద్ ఓపెన్ డబుల్స్ గెలిచింది. భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ మిక్స్‌డ్ టైటిళ్లు నెగ్గింది. ఆ ఫ్రెంచ్ టైటిల్ చేతికొచ్చిన కొద్ది రోజులకే లండన్ ఒలింపిక్స్ జట్టు గొడవ రేగింది. భూపతితో కాకుండా పేస్‌తో మిక్స్‌డ్ ఆడాలని టెన్నిస్ సమాఖ్య నిర్ణయిస్తే, అలిగిన ఒక ఆటగాడిని బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని సానియా బహిరంగంగానే అంది. అలా అనడం న్యాయమే. ఆ ఒలింపిక్స్‌లో ఆ జోడీ క్వార్టర్స్‌లో ఓడింది.

డబుల్స్ ఆమె శరీరానికి ఎందుకు సరిపోయిందంటే, సింగిల్స్‌లో ప్రతి రెండో గేమూ సర్వీస్ చేయాలి, డబుల్స్‌లో నాలుగు గేములకు ఒకసారి. ప్రత్యర్థి సర్వీస్‌ను తిప్పికొట్టాల్సింది (రిటర్న్) సగం పాయింట్లకే. ర్యాలీలు పొట్టివి. కోర్టు వెడల్పు 8.23 మీటర్ల నుంచి 10.97కు పెరిగినా పంచుకునేది ఇద్దరు. గ్రాండ్‌స్లామ్‌లు కాని మామూలు డబ్ల్యూటీఏ టోర్నీల్లో స్కోరింగ్ కూడా కురచే: 40-40 దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది, సెట్లు సమమైతే మూడో సెట్‌కు బదులు పది పాయింట్ల టైబ్రేక్. అప్పట్లో డబుల్స్ ర్యాంకుకు లెక్కించింది కూడా పదకొండు టోర్నీల ఫలితాలనే, సింగిల్స్‌కు పదహారు.

2015 మార్చిలో సింగిల్స్ మాజీ నంబర్ వన్ మార్టినా హింగిస్‌తో జట్టు కట్టాక ఈ అనుకూలతలన్నీ ఒకచోట కలిశాయి. సానియా కుడివైపు డ్యూస్ కోర్టులో, హింగిస్ ఎడమవైపు యాడ్ కోర్టులో నిలబడేవారు. కుడిచేతి ఆటగాళ్లకు డ్యూస్ కోర్టులో బయటికి వచ్చే సర్వీస్ ఫోర్‌హ్యాండ్‌కే పడుతుంది. దాన్ని అడ్డంగా తిప్పికొడితే బంతి నెట్ మధ్య నుంచి పోతుంది. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.07 మీటర్లయితే మధ్యలో 0.914 మీటర్లే. ఆ తక్కువ ఎత్తు మీదుగా సానియా చదునైన ఫోర్‌హ్యాండ్ దూసుకుపోయేది. సర్వీస్ చేసినవారు దాన్ని మోకాళ్ల దగ్గర అందుకుని పైకి లేపక తప్పేది కాదు, నెట్ దగ్గర కాచుకున్న హింగిస్ ఆ బంతిని నేలకు తగలకముందే కొట్టి (వాలీతో) ముగించేది. నిజానికి ఇద్దరి సర్వీసూ ఎవరినీ భయపెట్టేది కాదు. పోగొట్టుకున్న సర్వీస్‌ను రిటర్న్‌లతో వెంటనే రాబట్టుకోవడమే ఆ జోడీ కిటుకు.

ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్స్‌టన్ వరసగా గెలవడంతో 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా జోడీపై మూడో సెట్‌లో 2-5తో వెనకబడి కూడా 5-7, 7-6, 7-5తో గెలిచారు. 5-5 దగ్గర వెలుగు తగ్గితే పైకప్పు మూయించడానికి ఆట ఆపారు. ఆ విరామం ఎవరికి మేలు చేసిందో స్కోరే చెబుతుంది. ఆపై యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా నెగ్గారు. ఓటమి లేకుండా సాగిన వరస 41 మ్యాచ్‌ల తర్వాత 2016 ఫిబ్రవరిలో దోహాలో, వెస్నినా, కసాట్కినా చేతిలో తెగింది. ఆగస్టులో జోడీ విడిపోయింది. వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడితే, స్ట్రైకోవాతో ఆడిన సానియా గెలిచి, అప్పటిదాకా హింగిస్‌తో పంచుకున్న అగ్రస్థానాన్ని ఒంటరిగా అందుకుంది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

డబ్బు విషయంలో మాత్రం రెండు ఆటల మధ్య దూరం చాలా ఉంది. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 18.8 లక్షల పౌండ్లు దక్కితే, డబుల్స్ విజేత జోడీకి ఇచ్చింది 3.4 లక్షలు. అదీ ఇద్దరికీ కలిపి. అందుకే 27వ ర్యాంకు చూసిన ఆటగత్తె సుఖం కోసం డబుల్స్‌కు జారిపోయిందనే వాదన నిలవదు.

2018 అక్టోబరులో బిడ్డ పుట్టాక, 2020 జనవరిలో తిరిగొచ్చిన తొలి టోర్నీ హోబర్ట్‌లోనే నాదియా కిచెనోక్‌తో టైటిల్ గెలిచింది. ప్రసవం, గాయం కారణంగా దూరమైనవారికి టోర్నీల ప్రవేశానికి పాత ర్యాంకునే కొంతకాలం వాడుకోనిచ్చే నిబంధన డబ్ల్యూటీఏలో ఉంది. దానితోనే ఆమె అంకితా రైనాను వెంటబెట్టుకుని టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లగలిగింది. చివరి టైటిల్, డబుల్స్‌లో 43వది, 2021లో ఓస్ట్రావాలో వచ్చింది. 2022తోనే ఆపాలనుకున్నా మోచేతి గాయం ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఆడనివ్వలేదు. 2023లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో బోపన్నతో రన్నరప్‌గా నిలిచి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆట ముగించింది.

సానియా తర్వాత 2024 చివరి దాకా భారత మహిళ ఎవరూ సింగిల్స్ తొలి వందలోకి రాలేదు. అంకితా రైనా అత్యుత్తమం 160, కర్మన్ కౌర్ థండీది 196. దీనికి అకాడమీలను తిట్టడం పరిపాటి. టోర్నీల పట్టిక వైపు చూసేవారు తక్కువ. 200 దగ్గర ఉన్న ఆటగత్తెకు పెద్ద టోర్నీ మెయిన్ డ్రా దొరికే సులువైన దారి సొంత దేశపు వైల్డ్ కార్డు. హైదరాబాద్ ఓపెన్ 2005తో ముగిసింది. బెంగళూరుకు మారి 2008 దాకా నడిచి అదీ ఆగింది. ఆ స్థాయి టోర్నీ మళ్లీ 2022లో చెన్నైకి వచ్చింది. అందులో వైల్డ్ కార్డుతో దిగిన థండీ, ఎనిమిదో సీడ్ క్లోయీ పకేను తొలి రౌండులోనే ఇంటికి పంపింది.