వార్తలో రాలిపోయే ‘చేత’

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. ఆమె తల్లి ఆశా కార్యకర్త. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో ఆ తల్లి నాటు పడవ ఎక్కి వెళ్లి ఒక బాలింతనూ బిడ్డనూ చూసి వచ్చారు. మరునాటి పత్రికలో ఫొటో వచ్చింది. దాని కింద “లంక గ్రామాల్లో వైద్య సేవలు అందించిన అధికారులు” అని ఉంది. “అమ్మ ఫొటోలో ఉందండీ, వాక్యంలో లేదు. ఎందుకని?” అని ఆమె అడిగారు.

పత్రికల పక్షపాతం అని సులువుగా జవాబు చెప్పవచ్చు. అయితే ఆ పక్షపాతం ఏ దారిన వాక్యంలోకి వస్తుందన్నది నన్ను ఎక్కువగా ఆకర్షించే విషయం. నా దృష్టిలో ఆ దారి ‘ఇంచు’ అనే చిన్న ప్రత్యయం.

“మేస్త్రీ గోడ కట్టాడు” అన్న వాక్యానికి మేస్త్రీ, గోడ అని రెండు పదాలు చాలు. ‘కట్టు’కు ‘ఇంచు’ చేరగానే మూడో మనిషికి చోటు ఏర్పడుతుంది: “ఇంటాయన మేస్త్రీ చేత గోడ కట్టించాడు.” పని పురమాయించినవాడిని ప్రయోజక కర్త అనీ, పని చేసినవాడిని ప్రయోజ్య కర్త అనీ వ్యాకరణం పిలుస్తుంది. కర్త స్థానం ప్రయోజకుడికి దక్కుతుంది. ప్రయోజ్యుడు ‘చేత’ను పట్టుకుని వాక్యంలో ఒక పక్కన నిలబడతాడు. ఆ ‘చేత’ ఐచ్ఛికం. దానిని తీసివేసినా “ఇంటాయన గోడ కట్టించాడు” అన్నది నిండు వాక్యమే. అదే “గోడ కట్టబడింది” అన్నామంటే, కర్త చోటు గోడకు పోయినందువల్ల, “ఎవరి చేత?” అని చెవి వెంటనే అడుగుతుంది. ‘ఇంచు’ వాక్యంలో ఆ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే కర్త స్థానంలో అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మనిషి మాయమయ్యాడన్న సంగతి కూడా కనబడనివ్వకపోవడమే ఈ ప్రత్యయపు శక్తి.

మన డెల్టాలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన “కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు” అన్న మాట ఇటువంటిదే. 1847 నుంచి 1852 వరకు సాగిన ఆ పనికి ఆయనకు దక్కిన గౌరవం న్యాయమైనదే, డెల్టాలో అన్నం తినే నేను దానిని తక్కువ చేయను. కాని మట్టి తవ్విన, రాయి మోసిన వేలమంది ఆ వాక్యంలో లేరు.

పాఠకురాలు చూపిన ‘అందించు’ మరింత సూక్ష్మమైనది. ‘అందు’ అకర్మక క్రియ, అంటే కర్మ అక్కరలేనిది. అకర్మకానికి ‘ఇంచు’ చేరితే కర్తే స్వయంగా పని చేసినట్లు అర్థం వస్తుంది: “గ్లాసు అందించాడు” అంటే తన చేతితో ఇచ్చాడని. కనుక “అధికారులు సేవలు అందించారు” అన్నప్పుడు పురమాయించిన గౌరవమూ, చేతితో చేసిన పుణ్యమూ రెండూ అధికారులకే చేరిపోతాయి. బడిలో రాముడి చేత రావణుడు చంపబడెను అని కర్మణి వాక్యాలు వల్లె వేయిస్తాము, ‘ఇంచు’ చేరిన ప్రేరణార్థకాన్ని ఒక్క ఉదాహరణతో ముగిస్తాము. రోజూ పేపరులో కనిపించేది మాత్రం రెండోదే.

‘చేత’ అన్న మాటలో వినిపించేది చేయే. మన ఊళ్లలో “ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది” అంటారు. ఆ నమ్మకం కూడా ఇలాగే పనిచేస్తుంది. పుండు మానడానికి రోజూ కట్టు మార్చిన నర్సు శుభ్రమైన చేతులు ఎంతో కారణమైనా, వాసి మరొకరి హస్తానికి వెళుతుంది.

ఇక లింగం సంగతి. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ మనకు ఒకే రూపం ఉంది: ఆమె వచ్చింది, పడవ వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలుస్తారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఈ తేడాను గుర్తించాడు. ఇది భాష చేసిన అవమానమని నేను అనుకోను. కాని ఒకే వార్తలో డాక్టరు ‘చెప్పారు’, అంగన్‌వాడీ ఆయమ్మ ‘చెప్పింది’ అని ఉంటే, ఆ ఎంపిక రాసినవారిదే.

గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు లెక్కల ప్రకారం, ప్రపంచ వార్తల్లో కనిపించే, వినిపించే మనుషులలో స్త్రీలు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. ఇది వార్తలో ఉన్నవారి లెక్క. ‘చేత’తో పాటు రాలిపోయినవారు ఈ లెక్కలోకి కూడా రారు.

2022 మేలో, అంటే ఆ వరదకు రెండు నెలల ముందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించింది. ఇటువంటి సందర్భాల్లో పత్రికలు వారిని అమ్మలనీ దేవతలనీ రాస్తాయి. దేవత అన్నాక జీతం మాట ఎత్తడం అమర్యాదవుతుంది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. 2024 జనవరిలో వారి మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. గౌరవ వేతనం మీద పనిచేసేవారి పని అత్యవసర సేవ అని ప్రభుత్వమే ఆ ఉత్తర్వుతో ఒప్పుకున్నట్లయింది. ఆ రోజుల శీర్షికల్లో “అంగన్‌వాడీలు సమ్మె చేశారు” అని ‘ఇంచు’ లేని క్రియతో, కర్తలుగా వారు కనిపించారు. పని చేసినన్నాళ్లూ దొరకని కర్త స్థానం పని ఆపినప్పుడు దొరికింది.

పాఠకురాలిని ఆ పడవ ప్రయాణం గురించి మళ్లీ అడిగాను. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. బరువు తూచాలి, ఒంటి వేడి చూడాలి, బొడ్డునూ పాలు తాగే తీరునూ గమనించాలి. వరదకు ఆ లెక్క తెలియదు. అది ఆ బిడ్డకు ఏడో రోజు. పత్రికలో ఆ వాక్యం ఇలా ఉండవలసింది: “ఏడు రోజుల బిడ్డను తూచడానికి ఆశా కార్యకర్త త్రాసు సంచిలో పెట్టుకుని పడవలో లంకకు వెళ్లారు.”