రాజ్‌భవన్‌కూ సచివాలయానికీ మధ్య మర్రి చెన్నారెడ్డి

గవర్నర్‌కూ ముఖ్యమంత్రికీ చెడిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. ఈ జబ్బు ఈమధ్య వచ్చిందని, పాతకాలం గవర్నర్లు హుందాగా ఉండేవారని. అలా అనుకునేవారు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి రాజకీయ జీవితాన్ని ఒకసారి తిరగేయడం మంచిది. ఆయన ఆంధ్రప్రదేశ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రి, నాలుగు రాష్ట్రాలకు గవర్నర్. ఆ పదవులు వచ్చిన వరుసే అసలు విషయం. గవర్నర్ పదవి నుంచి ముఖ్యమంత్రి పీఠానికి, అక్కడి నుంచి మరో రాజ్‌భవన్‌కు, మళ్లీ ముఖ్యమంత్రి పీఠానికి, మళ్లీ రాజ్‌భవన్‌కు. రాజ్యాంగం ప్రకారం గవర్నర్ పార్టీలకు అతీతుడు. ఈ అతీతుడు మధ్యమధ్యలో పీసీసీ అధ్యక్షుడవుతుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు, చెప్పడానికి చట్టమూ లేదు.

చెన్నారెడ్డి వికారాబాద్ ప్రాంతంలోని సిరిపురంలో 1919లో పుట్టారు. ఉస్మానియాలో వైద్యం చదివారు. 1952లో వికారాబాద్ నుంచి గెలిచి, ముప్పై మూడేళ్ల వయసులోనే హైదరాబాద్ రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరారు. 1967లో కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ దక్కింది. ఎదుగుదల అక్కడ ఆగిపోయింది. ఆ ఏడాది శాసనసభకు తాండూరు నుంచి ఆయన గెలిచిన ఎన్నికను ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు కోర్టులో సవాలు చేశారు. ఎన్నికల్లో అవినీతికర చర్యలకు పాల్పడ్డారంటూ 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. కేంద్ర మంత్రి పదవి పోయింది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆరేళ్ల అనర్హత.

పోటీ చేసే హక్కు లేని మనిషికి 1969 తెలంగాణ ఉద్యమం రూపంలో జనం దొరికారు. తెలంగాణ ప్రజా సమితి పగ్గాలు పట్టి, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాలకు గాను పదింటిని గెలిపించారు. ఇందిరాగాంధీ ప్రభంజనంలో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచి అన్ని సీట్లు తెచ్చుకోవడం మాటలు కాదు. కొన్ని నెలలకే సమితిని కాంగ్రెస్‌లో కలిపేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ప్రత్యేక రాష్ట్రం రాలేదు. ఉద్యమంలో బిడ్డలను పోగొట్టుకున్న ఊళ్లలో ఈ విలీనాన్ని క్షమించనివారు చాలాకాలం ఉన్నారు.

తిరుగుబాటుదారును దారికి తెచ్చుకున్నాక ఢిల్లీ ఆయనను సొంత రాష్ట్రానికి దూరంగా పంపింది. 1974 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా లక్నో చేరారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1975 జూన్ 12న అదే రాష్ట్రంలోని అలహాబాద్ హైకోర్టు ఎన్నికల్లో అవినీతికర చర్యల కారణంగానే ఇందిరాగాంధీ ఎన్నికను కొట్టేసింది. అలాంటి తీర్పే చవిచూసిన మనిషి అప్పుడు ఆ రాష్ట్ర రాజ్‌భవన్‌లో ఉన్నారు. కాకతాళీయమే, కానీ ఇంత కుదిరిన కాకతాళీయం అరుదు.

లక్నోలో ఆయన హయాంలో రెండుసార్లు రాష్ట్రపతి పాలన వచ్చింది. మొదటిది 1975 నవంబరు చివర, హేమవతీ నందన్ బహుగుణ దిగిపోయినప్పుడు. బహుగుణ కాంగ్రెస్ ముఖ్యమంత్రే, ఢిల్లీకి నచ్చలేదంతే. రెండోది 1977 ఏప్రిల్ 30న. కేంద్రంలో కొత్తగా వచ్చిన జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దు చేయించినప్పుడు ఉత్తరప్రదేశ్‌లో నారాయణ్ దత్ తివారీ ప్రభుత్వం పోయింది. బహుగుణను పంపించింది ఇందిర, తివారీని తీసేసింది జనతా. రెండుసార్లూ రాష్ట్ర పాలన చేతికందింది మాత్రం ఒకే గవర్నర్‌కు. గవర్నర్ కుర్చీ ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

1977 అక్టోబరు 1న లక్నో వదిలారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా కాంగ్రెస్ సారథ్యం తీసుకుని, 1978 మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజ్‌భవన్ మెట్లు దిగి సచివాలయం మెట్లు ఎక్కడానికి పట్టిన వ్యవధి అయిదు నెలలు. 1980 అక్టోబరులో పార్టీలో అసమ్మతి పెరిగి టి. అంజయ్యకు చోటిచ్చారు. 1982 ఏప్రిల్‌లో పంజాబ్ గవర్నర్. అకాలీల ఆందోళన, ధర్మయుద్ధ్ మోర్చా, మొదలైన ఏడాది అది. పది నెలలు తిరక్కుండానే అక్కడి నుంచీ కదిలారు.

సరిగ్గా ఆ తర్వాత, 1983లో, కేంద్ర రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ ఏర్పడింది. 1988లో వచ్చిన నివేదికలోని గవర్నర్ల అధ్యాయం చదువుతుంటే చెన్నారెడ్డి ఉద్యోగ చరిత్రను ముందు పెట్టుకుని రాశారేమో అనిపిస్తుంది. ఇటీవలి కాలంలో క్రియాశీల రాజకీయాల్లో మునిగితేలిన వ్యక్తిని గవర్నర్ చేయకూడదంది కమిషన్. కేంద్రంలోని అధికార పార్టీ నాయకుడిని వేరే పార్టీ పాలిస్తున్న రాష్ట్రానికి పంపకపోవడం మేలంది. పదవి దిగాక మళ్లీ పార్టీ రాజకీయాల్లోకి రాకూడదంది. సిఫార్సులు సిఫార్సులుగానే మిగిలాయి. మధ్యలో కొంతకాలం కాంగ్రెస్‌కు దూరమై తిరిగొచ్చిన చెన్నారెడ్డి, 1989లో ఎన్టీఆర్‌ను ఓడించి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాదికే, హైదరాబాద్ మత కలహాల నెత్తుటి మధ్య, 1990 డిసెంబరులో ఆ పదవి పోయింది. పద్నాలుగు నెలల తర్వాత, 1992 ఫిబ్రవరిలో, ప్రధాని పీవీ ఆయనను రాజస్థాన్ పంపారు. అక్కడ ఉన్నది బీజేపీ ప్రభుత్వం, ముఖ్యమంత్రి భైరోంసింగ్ షెకావత్. కమిషన్ వద్దన్నవన్నీ ఒక్క నియామకంలో కలిశాయి.

బాబ్రీ మసీదు కూలిన తొమ్మిదో రోజున, 1992 డిసెంబరు 15న, రాజస్థాన్, మధ్యప్రదేశ్, హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వాలను కేంద్రం బర్తరఫ్ చేసింది. చెన్నారెడ్డి నివేదిక సారాంశం తర్వాత, రాష్ట్ర ప్రభుత్వాల బర్తరఫ్‌లపై సుప్రీంకోర్టు విచారించిన బొమ్మై కేసు తీర్పులో నమోదైంది. రాష్ట్ర ప్రభుత్వానికి అయోధ్య ఘటనలో పాత్ర ఉందని, నిషేధించిన సంస్థలపై నిషేధం సరిగా అమలు కావడం లేదని, ఒక మంత్రి రాజీనామా చేసి వేలమంది కరసేవకులతో అయోధ్య వెళ్లారని, వారికి రాజలాంఛనాలతో వీడ్కోలు, స్వాగతం పలికారని ఆయన రాశారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు కర్ణాటక, నాగాలాండ్, మేఘాలయ బర్తరఫ్‌లను తప్పుపట్టింది, ఈ మూడింటిని మాత్రం సమర్థించింది. అంటే రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణాన్ని కట్టడి చేసిన తీర్పులోనే చెన్నారెడ్డి నివేదిక నెగ్గింది. ఓటర్లు అంతకుముందే తమ మాట చెప్పారు. 1993 చివరి ఎన్నికల తర్వాత షెకావత్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

అప్పటికి చెన్నారెడ్డి జైపూర్‌లో లేరు. 1993 మే 31న మద్రాసు రాజ్‌భవన్‌లో అడుగుపెట్టారు. 1991లో కాంగ్రెస్ పొత్తుతో గెలిచిన జయలలిత అప్పటికే ఆ పొత్తుకు దూరం జరిగారు. ఒక బలమైన ముఖ్యమంత్రి ఎదుట, ముఖ్యమంత్రి ఉద్యోగం లోతుపాతులన్నీ తెలిసిన మాజీని కూర్చోబెట్టారు. ఇద్దరూ తగ్గే మనుషులు కారు. 1994లో తమిళనాడు శాసనసభ విశ్వవిద్యాలయాల కులపతి (చాన్స్‌లర్) స్థానం నుంచి గవర్నర్‌ను తప్పించి ముఖ్యమంత్రిని పెట్టే బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు.

అసలు పిడుగు 1995 మార్చి 25న పడింది. ప్రభుత్వ సంస్థ టాన్సీ భూముల కొనుగోలు, బొగ్గు దిగుమతి ఆరోపణలపై జయలలితను ప్రాసిక్యూట్ చేయడానికి జనతా పార్టీ నేత సుబ్రమణ్యస్వామికి గవర్నర్ అనుమతి ఇచ్చారు. ముఖ్యమంత్రిపై కేసుకు అనుమతి విషయంలో మంత్రివర్గ సలహాతో పనిలేదు. మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే కేసులో 1982లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి చెప్పింది. కాబట్టి ఆ అధికారం ఉందా లేదా అన్నది తగాదా కాదు. వాడిన చెయ్యి ఏ పార్టీదన్నదే తగాదా. తర్వాతి నెలలో పుదుచ్చేరి దారిలో తిండివనం దగ్గర అన్నాడీఎంకే కార్యకర్తలు గవర్నర్ కాన్వాయ్‌ను అడ్డుకున్నారు. రాష్ట్ర పోలీసుల రక్షణలో వెళ్తున్న రాష్ట్ర గవర్నర్‌కు రోడ్డు మీద ఎదురైన పరిస్థితి అది. శాసనసభలో ముఖ్యమంత్రి ఆయనపై వ్యక్తిగత ఆరోపణలు కూడా చేశారు. ఆయనను వెనక్కి పిలవాలన్నది రాష్ట్ర ప్రభుత్వ డిమాండ్ అయింది.

ఏడాది తిరిగేసరికి, 1996 ఎన్నికల్లో, పీవీ అదే జయలలితతో పొత్తు కుదుర్చుకున్నారు. ఆ పొత్తు సహించలేక తమిళనాడు కాంగ్రెస్ నేత మూపనార్ బయటికొచ్చి తమిళ మానిల కాంగ్రెస్ పెట్టారు. కేసుకు అనుమతి ఇచ్చిన గవర్నర్ మాత్రం రాజ్‌భవన్‌లోనే ఉన్నారు. ఆయన తలలో అప్పుడు ఏం మెదిలిందో చెప్పి ఉంటే బాగుండేది. జయలలిత ఓడిపోయారు. కరుణానిధి చేత ప్రమాణం చేయించింది చెన్నారెడ్డే. పదవిలో ఉండగానే 1996 డిసెంబరు 2న కన్నుమూశారు.

టాన్సీ కేసులో 2000లో ప్రత్యేక కోర్టు జయలలితకు శిక్ష వేసింది, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది, 2003లో సుప్రీంకోర్టు ఆమె నిర్దోషిత్వాన్నే ఖాయం చేసింది. కులపతి తగువు మాత్రం ఇంకా నడుస్తోంది. విశ్వవిద్యాలయాల బాధ్యత గవర్నర్లకు వద్దని 2010లో, కేంద్ర రాష్ట్ర సంబంధాలపైనే వేసిన పూంఛీ కమిషన్ చెప్పింది. వైస్ చాన్స్‌లర్ల నియామకం గవర్నర్ చేతి నుంచి తీసేందుకు తమిళనాడు 2022లో మళ్లీ బిల్లులు చేసింది. రాజ్‌భవన్‌లో ఆగిపోయిన అలాంటి పది బిల్లులకు ఆమోదం లభించినట్లే భావించాలని 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని, ఆమోదం లభించినట్లు భావించడం కుదరదని అంది. గవర్నర్ కావడానికి రాజ్యాంగం అడిగే అర్హతలు ఇప్పటికీ రెండే. భారత పౌరసత్వం, ముప్పై అయిదేళ్ల వయసు.