బొట్టు ఎత్తు పెరిగితే లెక్క తప్పుతుంది

భూమ్మీది నీటి గురించి ఒక ఇన్ఫోగ్రాఫిక్‌ను ఊహించుకోండి. నీలిరంగు మీద అయిదు నీటి బొట్లు, ఒక్కోదానిలో ఒక అంకె: ఉప్పునీరు 97.5 శాతం, మంచినీరు 2.5, హిమానీనదాలు, మంచు పలకలు 68.7, భూగర్భ జలాలు 30.1, మిగతావి 1.2. అంకెల్లో తప్పు లేదు. కానీ కూడి చూస్తే 200 వస్తుంది!

మొదటి రెండూ భూమ్మీది మొత్తం నీటిలో వాటాలు. తర్వాతి మూడూ మంచినీటిలో వాటాలు. ఈ తేడా గీసినవారికి తెలుసు, చూసేవారికే తెలియదు. ఇలాంటి బొమ్మను మళ్ళీ గీయమంటే చాలామంది ముందు రంగులు, అక్షరాల మీద పడతారు. అవి ఆఖరున చూసుకోవచ్చు. ఏ వాటా దేనిలోదో తేల్చడమే మొదటి పని.

ఇక బొట్ల సంగతి. 68.7, 30.1కి సుమారు 2.3 రెట్లు. ఆ నిష్పత్తిలో బొట్టు ఎత్తు పెంచితే, ఆకారం చెడకుండా వెడల్పూ అంతే పెరుగుతుంది. వైశాల్యం 5 రెట్లు దాటుతుంది. నీడలు వేసి గుండ్రంగా కనబడేలా చేస్తే ఘనపరిమాణం దాదాపు 12 రెట్లు. మరి కన్ను దేన్ని కొలవాలి? అసలు వైశాల్యాన్ని అంచనా వేయడంలో మన కన్ను అంత గట్టిది కాదు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంకవేత్తలు ఈ విషయంపై ప్రయోగాలు చేశారు. ఒకే గీత నుంచి మొదలయ్యే కొలతలను మనం బాగా పోల్చగలమనీ, కోణాలు, వైశాల్యాల దగ్గర ఎక్కువ పొరబడతామనీ చెప్పారు. బొమ్మలే కావాలంటే ఆస్ట్రియా సామాజిక శాస్త్రవేత్త ఓటో నాయ్‌రాత్ 1920లలో వియన్నాలో పాటించిన పద్ధతి ఉంది: పరిమాణం పెరిగితే బొమ్మను పెంచకూడదు, అదే కొలత బొమ్మల సంఖ్యను పెంచాలి.

మన బొమ్మకు అడ్డంగా గీసిన రెండు పట్టీలు చాలు. మొదటిది మొత్తం నీరు. పట్టీ పొడవు 10 సెంటీమీటర్లయితే మంచినీటి వాటా చివర 2.5 మిల్లీమీటర్ల ముక్క. ఆ ముక్క అంచుల నుంచి రెండు సన్నని గీతలు కిందికి విప్పారి రెండో పట్టీని చేరతాయి. అంటే ఆ చిన్న ముక్కే కింద పెద్దదై కనబడుతోందన్నమాట. మంచు, భూగర్భ జలాలు, మిగతావి అందులో ఉంటాయి. ఆ 1.2 శాతాన్ని మొదటి పట్టీలోనే చూపాలంటే 0.03 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం కూడా ఉండదు.

పేర్లు పక్కన పెట్టెలో కాకుండా పట్టీ మీదే రాయాలి. కన్ను అటూ ఇటూ పరుగెత్తే శ్రమ తప్పుతుంది. మంచినీటికి ముదురు నీలం, తక్కినదంతా బూడిద రంగు. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీద ఆధారపడకూడదు. ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఆ రంగులను విడదీసి చూడడం కష్టం.

మిగిలిన ఆ 1.2 శాతాన్ని విప్పి చూపే మూడో పట్టీ గీయాలా? అందులో అధిక భాగం నేలలో గడ్డకట్టిన మంచు. సరస్సులు 20.9 శాతం, నదులు 0.49. మంచినీరు ఎక్కువగా ఎక్కడుందో చెప్పడమే ఉద్దేశమైతే అక్కర్లేదు. శీర్షిక నదుల గురించి అయితే మాత్రం తప్పదు, అది లేకపోతే బొమ్మలో నదే కనబడదు.