జి, హెచ్ పక్కపక్కనున్న ఇంగ్లిష్ మాటలు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పడం నా పని. గుంటూరు నుంచి వచ్చినా, వరంగల్ నుంచి వచ్చినా, అనంతపురం నుంచి వచ్చినా తడబడేది ఒకే చోట: జి, హెచ్ కలిసి కనిపించే మాటల దగ్గర. రాసినట్టే పలికే లిపిలో అక్షరాలు దిద్దుకున్న మనకు అది సహజమే. కానీ వాళ్లలో చాలామంది బడిలో విన్నది ‘ఇంగ్లిష్‌కు నియమం లేదు, బట్టీ పట్టు’ అన్న మాటే. అది విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అది నిజం కాదు.

అపోహ: ఈ జంట ఎక్కడ ‘ఫ్’ అవుతుందో, ఎక్కడ మూగబోతుందో ముందుగా చెప్పలేం.

వాస్తవం: చాలావరకు చెప్పవచ్చు. ముందు, అది మాటలో ఎక్కడుందో చూడండి. మాట మొదట్లో ఉంటే ఎప్పుడూ ‘గ’ శబ్దమే: ఘోస్ట్, ఘెట్టో, ఘానా, మన దగ్గరి నుంచి వెళ్లిన ఘీ, ఘాట్. తర్వాత, దాని ముందున్న అచ్చు చూడండి. ఐ అక్షరం తర్వాత వస్తే మూగ: నైట్, లైట్, ఫైట్, హై, సై. ఈ, ఐ అనే రెండు అక్షరాల తర్వాత వచ్చినా మూగే, కానీ అచ్చు ‘ఎయ్’ అవుతుంది: ఎయిట్, వెయ్, నెయిబర్, ఫ్రెయిట్. ఇక్కడ ఎత్తు అనే అర్థమున్న హైట్ లాంటి ఒకటి రెండు మాటలు దారి తప్పుతాయి. వాటిని విడిగా గుర్తుంచుకోండి.

ఓ, యు లేదా ఏ, యు తర్వాత వచ్చే జి, హెచ్‌ల వెంట టి ఉంటే పని ఇంకా తేలిక. థింక్‌కు థాట్, బ్రింగ్‌కు బ్రాట్, ఫైట్‌కు ఫాట్, క్యాచ్‌కు కాట్, టీచ్‌కు టాట్: భూతకాల రూపాలన్నీ ఒకే వరుస. కరవు అనే డ్రౌట్ ఈ వరుసలో చేరదు. డాటర్, స్లాటర్ చేరతాయి, లాఫ్టర్ చేరదు. నవ్వు అనే మాట ముందు ఎస్ అక్షరం చేరిస్తే వధ అనే మాట వస్తుంది, ‘ఫ్’ మాయమవుతుంది. ఈ రెండింటినీ నేను ఎప్పుడూ పక్కపక్కనే రాసి చూపిస్తాను.

నిజంగా బట్టీ పట్టవలసింది ఒక చిన్న గుంపునే: ఓ, యు, జి, హెచ్ చివర వచ్చే మాటలు. దో, ఆల్దో, పిండిముద్ద అనే డో ఒక జట్టు. టఫ్, రఫ్, ఇనఫ్ మరొకటి. కాఫ్, ట్రాఫ్ ఇంకొకటి. కొమ్మ అనే బౌ, నాగలి అనే ప్లౌ వేరు. థ్రూ ఒంటరి. థరో, బరో అని అమెరికన్లు పలికే మాటలను బ్రిటిష్ వాళ్లు థరా, బరా అంటారు. మన వాళ్లు ఎక్కువగా చేసే తప్పు థరోను ‘థరఫ్’ అనడం. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ముందు దాన్నే దిద్దుకోవాలి.

అపోహ: పలకని అక్షరాలు కనుక అవి అనవసరంగా పెట్టినవి.

వాస్తవం: అవి ఒకప్పుడు పలికినవే. పాత ఇంగ్లిష్‌లో అక్కడ గొంతులో రాపిడితో వచ్చే శబ్దం ఉండేది. ఉర్దూ బాగా తెలిసినవారు ‘ఖబర్’ అనేటప్పుడు వినిపించే ఖకారం దానికి దగ్గరగా ఉంటుంది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక వచ్చిన లేఖకుల పద్ధతులు స్థిరపడుతున్న కాలంలో ఆ శబ్దానికి జి, హెచ్ అనే రాత అలవాటైంది. తర్వాతి శతాబ్దాలలో ఆ శబ్దం కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నిటిలో ‘ఫ్’గా మారింది. రాత మాత్రం అలాగే నిలిచింది. జర్మన్లు నేటికీ నాఖ్ట్, టోఖ్టర్, అఖ్ట్ అంటూ ఆ శబ్దాన్ని పలుకుతున్నారు.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడుంది. ఆ మాటల బంధువులు సంస్కృతం నుంచి మన తెలుగులోకీ వచ్చాయి. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసముండి రాత్రి భోంచేయడాన్ని నక్తం అంటాం. ఆ నక్తం, ఇంగ్లిష్ నైట్ ఒకే మూలానివి. కూతురి కొడుకును దౌహిత్రుడు అంటాం. ఆ మాటలోని దుహిత, డాటర్ తోబుట్టువులు. అష్టానికి, ఎయిట్‌కు ఉన్నది అదే చుట్టరికం. ఇది విన్న పిల్లలు డాటర్‌లో ఆ రెండు అక్షరాలను మళ్లీ మరిచిపోవడం నేను చూడలేదు.

అయితే అన్నీ ఇలా పుట్టినవి కావు. డిలైట్‌లో ఆ శబ్దం ఎన్నడూ లేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాటకు లైట్‌ను చూసి తగిలించారు. ఘోస్ట్‌లో హెచ్ 15వ శతాబ్దంలో, ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చిన విలియం కాక్స్టన్ కాలంలో, ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు భాష) రాత ప్రభావంతో చేరింది.

అపోహ: చేప అనే ఫిష్‌ను జి, హెచ్, ఓ, టి, ఐ అని రాయవచ్చని నాటకకర్త బెర్నార్డ్ షా నిరూపించాడు.

వాస్తవం: ఇనఫ్‌లోని ‘ఫ్’, విమెన్‌లోని ‘ఇ’, నేషన్‌లోని ‘ష్’ కలిపితే ఫిష్ అవుతుందన్నది ఈ వాదన. 1855లో చార్లెస్ ఆలియర్ అనే ప్రచురణకర్త రాసిన ఉత్తరంలోనే ఇది ఉంది. షా పుట్టింది 1856లో. స్పెల్లింగ్ మార్చాలని షా గట్టిగా కోరిన మాట నిజమే, అందుకే ఆయన పేరు అంటుకుంది. పైగా ఆ వాదనే నిలవదు. మాట మొదట్లో ఆ జంట ‘ఫ్’ కాదు, మాట చివర టి, ఐ కలిసి ‘ష్’ కావు.

అపోహ: అమెరికన్ల స్పెల్లింగులు బద్ధకపు రాతలు.

వాస్తవం: ప్లౌ, డ్రాఫ్ట్ అనే మాటలను అక్కడ జి, హెచ్ లేకుండా రాస్తారు, అవి నిఘంటువుల్లో ఉన్న సరైన రూపాలు. ఎక్కిళ్లు అనే హికప్ సంగతి మరీ విశేషం: పొట్టి రాతే పాతది. అది దగ్గుకు సంబంధించిన మాట అనుకుని తర్వాత కాఫ్‌ను చేర్చి పొడుగు చేశారు. థ్రూను టి, హెచ్, ఆర్, యు అని నాలుగు అక్షరాలతో రాయడం మాత్రం వేరు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి ఇలాంటి కుదించిన స్పెల్లింగులు ప్రయత్నించి, చివరికి 1975లో దీన్నీ వదిలేసింది. కాబట్టి ఆఫీసు మెయిళ్లలో, రెజ్యూమేలో ఆ మాటను మొత్తం ఏడు అక్షరాలతోనే రాయండి.