డెర్బీ గుర్రానికి ఎన్ని పళ్లు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో తిరునాళ్ల బండలాగుడు పోటీలకు ముందు గిత్తల నోరు తెరిపించి, పళ్లను బట్టి వయసు లెక్కగట్టి, ఏది రెండు పళ్ల విభాగమో, ఏది నాలుగు పళ్లదో తేల్చే పశువైద్యుణ్ణి కావడంతో, గుర్రప్పందేల గురించి కూడా నన్నే అడుగుతుంటారు. ఇంగ్లండులో మూడేళ్ల గుర్రాలకు జరిగే ఎప్సమ్ డెర్బీపై నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: అది డెర్బీ నగరంలో జరిగే పందెం.
వాస్తవం: కాదు. 12వ డెర్బీ ప్రభువు పేరిట 1780లో ఎప్సమ్‌లో మొదలైంది. తొలి విజేత డయోమెడ్. అప్పట్లో దూరం ఒక మైలే. మైలున్నర చేసింది 1784లో.

అపోహ: మగ గుర్రాలే పరుగెత్తాలి.
వాస్తవం: ఆడ గుర్రాలూ పరుగెత్తవచ్చు. 1801లో ఎలినార్ మొదలు 1916లో ఫిఫినెల్లా వరకు 6 ఆడ గుర్రాలు గెలిచాయి. ముంబయిలో 1943లో తొలి ఇండియన్ డెర్బీని గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ కూడా ఆడదే. ఎప్సమ్‌లో ప్రవేశం లేనిది విత్తులు కొట్టిన గుర్రాలకు. ఎందుకంటే రేపటి సంతానానికి తండ్రి కాదగిన గుర్రం ఏదో తేల్చే పరీక్షగా కూడా ఆ పందేన్ని చూస్తారు. విత్తనపు ఆబోతును ఎంచే ఒంగోలు రైతుకు ఈ నియమాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అపోహ: మూడేళ్లంటే పుట్టిన తేదీ నుంచి లెక్క, అందులో మోసానికి తావు లేదు.
వాస్తవం: రెండూ తప్పే. అక్కడి పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1న ఒక ఏడు పెరుగుతుంది కనుక, ఫిబ్రవరిలో పుట్టినదీ మే నెలలో పుట్టినదీ ఒకే వయసు కింద లెక్క. ఇక మోసం సంగతి: 1844లో మొదట వచ్చిన రన్నింగ్ రెయిన్ నిజానికి మకాబియస్ అనే నాలుగేళ్ల గుర్రం. ఆ ఈడులో ఏడాది తేడా అంటే బలంలో ఎంతో తేడా. గుర్రానికి సుమారు రెండున్నరేళ్లకు నడిమి పాలపళ్లు, మూడున్నరేళ్లకు వాటి పక్కవి రాలి పక్కా పళ్లు వస్తాయి. (పశువులకు ముందరి పళ్లు కింది దవడకే ఉంటాయి, గుర్రానికి రెండు దవడలా ఉంటాయి కాబట్టి, మనవాళ్ల లెక్క దానికి యథాతథంగా సరిపోదు.) అంటే ఆ వయసులో నోరు తెరిపిస్తే నిజం దాగదు. పందేనికి ముందే అభ్యంతరం వచ్చినా నిర్వాహకులు దానిని పరుగెత్తనిచ్చారు. తగువు న్యాయస్థానానికి చేరి, గుర్రాన్ని తెచ్చి చూపమని న్యాయమూర్తి పట్టుబట్టినా గుర్రం మాత్రం రాలేదు. రెండవ స్థానంలో వచ్చిన ఓర్లాండోకు గెలుపు దక్కింది.

మా దగ్గర కాడి కట్టకముందే నోరు తెరిపిస్తాం.